ఎవరిదీ కాని భాషే అందరిదీ!

ఒక భాషను తాతముత్తాతల పూజగదిలోంచి వంటింట్లోకి తెచ్చారు. మరో భాషను రేవుల్లోని సంతలోంచి పార్లమెంటులో కూర్చోబెట్టారు. హీబ్రూ, ఇండొనేసియన్... ఒకదానికొకటి ఏమీ కాని ఈ రెండు భాషల కథ వింటుంటే మన ఇంటి సంగతే ఎవరో చెబుతున్నట్టుంటుంది.

పిల్లాడికి మూడేళ్లు దాటాయి. నాలుగో ఏడు నడుస్తోంది. అయినా ఒక్క మాట పలకడు. చూడటానికొచ్చిన వాళ్లంతా తల్లిని చూసి జాలిపడుతున్నారు. మీ మొండిపట్టుతో బిడ్డను మూగవాణ్ని చేసేలా ఉన్నారని తండ్రిని కేకలేస్తున్నారు. ఆయన వింటేగా! ఆ ఇంట్లో ఆయన పెట్టిన నియమం ఒక్కటే. పిల్లాడి చెవిన హీబ్రూ తప్ప మరో భాష పడకూడదు. ఆ భాష రాని చుట్టాలొస్తే వాణ్ని పక్కగదిలో పడుకోబెట్టేవారు. తోటిపిల్లలతో ఆటల్లేవు. ఆడుకోవడానికి హీబ్రూ మాట్లాడే పిల్లలు ఉండాలి కదా! ఆ ఊళ్లోనే కాదు, ప్రపంచంలోనే అలాంటి పిల్లలు లేరు.

ఓ రోజు తండ్రి ఇంట్లో లేని సమయం చూసి తల్లి దెవోరా పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని చిన్నప్పుడు తాను విన్న రష్యన్ జోలపాట అందుకుంది. అదే సమయానికి తండ్రి ఇంట్లో అడుగుపెట్టాడు. కోపంతో ఊగిపోయాడు. ఆ రభసకు బెదిరిపోయిన పిల్లాడి నోట మొట్టమొదటి మాట వచ్చింది... హీబ్రూలో!

ఇది 1880ల నాటి జెరూసలేం. ఆ తండ్రి ఎలియేజర్ బెన్ యెహుదా. పిల్లాడు బెన్ జియోన్. తర్వాత ఇతమార్ బెన్ ఆవి అన్న పేరుతో పత్రికా సంపాదకుడయ్యాడు. పెద్దయ్యాక ఆయన చెప్పుకున్న కథే ఇది. కొంత చిలవలు పలవలు చేరి ఉండొచ్చుగానీ, వందల ఏళ్ల తర్వాత హీబ్రూను తల్లిభాషగా నేర్చుకున్న మొదటి బిడ్డగా మాత్రం అతని పేరు నిలిచిపోయింది.

ఇక రెండో దృశ్యం. ఆ పిల్లాడికి 46 ఏళ్లు వచ్చిన సంవత్సరం... 1928 అక్టోబరు 28. డచ్చివాళ్ల ఏలుబడిలోని బటేవియా నగరం, అంటే ఇప్పటి జకార్తా. క్రమత్ వీధిలోని ఒక విద్యార్థుల వసతిగృహంలో యువజన మహాసభ ముగింపు సమావేశం జరుగుతోంది. జావా, సుమత్రా, సెలెబెస్, అంబాన్... దీవి దీవి నుంచీ వచ్చిన కుర్రాళ్లు. సుప్రత్మన్ అనే యువకుడు వయొలిన్ మీద ఓ కొత్త పాట వాయించాడు. తర్వాత అదే ఆ దేశ జాతీయగీతమైంది. ఆ సభలో వాళ్లు మూడు ప్రతిజ్ఞలు చేశారు. మాకు ఒకే మాతృభూమి అన్నది మొదటిది. మేం ఒకే జాతి అన్నది రెండోది. మూడోది భాష గురించి.

అక్కడే వాళ్లు కాస్త ఆగి ఆలోచించారు. మొదటి రెండింటిలో ఉన్న 'ఒకే' అన్న మాట మూడోదాంట్లో లేదు. 'ఒకే భాష' అనలేదు వాళ్లు. ఇండొనేసియన్‌ను మమ్మల్ని కలిపే భాషగా తలకెత్తుకుంటాం అని మాత్రమే అన్నారు. ఇంట్లో మాట్లాడే జావా, సుండా, బాలి, బటక్ భాషల జోలికి వెళ్లలేదన్నమాట. తమాషా ఏమిటంటే, ఆ సభలో కొందరు ఉపన్యాసాలిచ్చింది డచ్చి భాషలో. తాము తలకెత్తుకుంటామన్న భాషలో గడగడా మాట్లాడటం అప్పటికి వాళ్లకే చేతకాదు!

పెద్దన్న తప్పుకున్నాడు

ఆనాటి డచ్చి ఇండీస్ జనాభాలో దాదాపు సగం మంది జావా భాష మాట్లాడేవారు. వెయ్యేళ్ల సాహిత్యముంది దానికి. రామాయణ భారతాలున్నాయి. రాజాస్థానాలున్నాయి. ఎక్కువమంది మాట్లాడేదే జాతీయ భాష కావాలంటే పీట దానికే వేయాలి. మరి సొంతంగా మాట్లాడేవాళ్లు నూటికి అయిదుగురు కూడా ఉండని మలయ్ భాషను ఎందుకు ఎంచుకున్నట్టు?

మొదటి కారణం, జావా భాషలోని మర్యాదలు. అందులో మాట్లాడాలంటే ఎదుటివాడు తనకన్నా పెద్దవాడా చిన్నవాడా అన్నది ముందు తేల్చుకోవాలి. తోటివాడితో 'తినడం' అంటే మంగన్. గౌరవంగా చెప్పాలంటే నెద. పెద్దవారు తింటే దహర్. మనకూ 'తిను', 'తినండి', 'భోంచేయండి', 'ఆరగించండి' ఉన్నాయిగానీ, జావాలో ఆ తేడా దాదాపు ప్రతి మాటకూ పాకుతుంది. స్వాతంత్య్రం కోసం పోరాడే కుర్రాళ్లు ఒకరినొకరు 'అన్నా, తమ్ముడూ' అనుకోవాల్సిన చోట ఎవరు ఎవరికి ఎంత వంగాలో చెప్పే భాష పనికొస్తుందా? రెండోది, అసలైన కారణం... జావా భాషను రుద్దితే మిగతా దీవులవాళ్లు 'డచ్చివాడు పోయి జావావాడు వచ్చాడు' అనుకునే ప్రమాదముంది. మలయ్‌తో ఆ పేచీ లేదు. అది ఎవరికీ పెత్తనం కట్టబెట్టదు.

పైగా అది అప్పటికే అందరికీ ఎంతో కొంత తెలిసిన భాష. శతాబ్దాల తరబడి రేవుల్లో అరబ్బులు, గుజరాతీలు, చీనావాళ్లు, పోర్చుగీసువాళ్లు బేరాలాడింది అందులోనే. 1521లో మెజిలాన్ ఓడలో వచ్చిన పిగఫెటా కూడా పడవలో కూర్చుని మలయ్ మాటల పట్టిక రాసుకున్నాడు. ఇంకా వెనక్కి వెళితే, ఆ భాషలో దొరికిన తొలి శాసనాలు 7వ శతాబ్ది చివరినాటివి, సుమత్రాలోని పాలెంబాంగ్ దగ్గరివి. వాటిని చెక్కింది పల్లవ లిపిలో. మన తెలుగు లిపికి దగ్గరి చుట్టమే అది.

మెజారిటీ భాషవాళ్లు పట్టుబట్టకుండా పక్కకు తప్పుకోవడమన్నది ప్రపంచంలో అంత తరచుగా కనిపించే ముచ్చట కాదు. భాష పేరిట రాష్ట్రాలు గీసుకున్న మనకు ఆ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 1942లో జపాన్ సైన్యం వచ్చి డచ్చి భాషను నిషేధించడం కూడా ఇండొనేసియన్‌కు కలిసొచ్చింది. బళ్లకూ కచేరీలకూ రాత్రికి రాత్రే మరో భాష కావాల్సి వచ్చింది. 1945 ఆగస్టులో రాసుకున్న రాజ్యాంగంలో 36వ అధికరణం దాన్ని దేశభాషగా ప్రకటించింది.

ఐస్‌క్రీమ్‌కి మాటేదీ?

హీబ్రూకి ఎదురైన చిక్కు ఇందుకు పూర్తిగా తలకిందులు. ఇండొనేసియన్ సంత భాష. గౌరవం సంపాదించుకోవాలి. హీబ్రూ దేవుడి భాష. గౌరవం తగ్గించుకోవాలి! సుమారు పదిహేడు వందల ఏళ్లుగా దాన్ని ఇంటి భాషగా మాట్లాడినవాళ్లు లేరు. అలాగని అది చచ్చిపోయిందనడం కూడా సరికాదు. ప్రార్థనల్లో ఉంది. పండితుల ఉత్తరాల్లో ఉంది. 19వ శతాబ్దిలో నవలలు కూడా వచ్చాయి. జెరూసలేం అంగట్లో వేర్వేరు దేశాల యూదులు తారసపడితే వచ్చీరాని హీబ్రూలోనే బేరాలాడుకునేవారు. లేనిదల్లా అందులో అలిగే పిల్లలు, జోకొట్టే తల్లులు. మన సంస్కృతంలాగే అనుకోండి.

ఇప్పటి బెలారస్‌లోని ఓ చిన్న ఊళ్లో 1858లో పుట్టి, 1881లో పాలస్తీనాకు చేరిన బెన్ యెహుదా ఇంటి భాష యిద్దిష్. 'హీబ్రూలోనే కాపురం చేద్దాం' అన్నది భార్యకు ఆయన పెట్టిన షరతు. తీరా కాపురం మొదలుపెడితే మాటలేవీ? బైబిల్లో ఉన్న వేర్వేరు మాటలు సుమారు 8 వేలు. బలిపీఠానికి మాట ఉంది, బొమ్మకు లేదు. రథానికి ఉంది, తువ్వాలుకు లేదు. దాంతో ఆయన పాత ధాతువులు తవ్వి మాటలు చేయడం మొదలుపెట్టాడు. మాట అంటే 'మిలా' కాబట్టి మాటల పుస్తకం, అంటే నిఘంటువు 'మిలోన్'. తుడవడమనే ధాతువు నుంచి తువ్వాలుకు 'మగెవెత్'. ఐస్‌క్రీమ్‌కి 'గ్లిదా'. ఇవన్నీ ఇప్పటికీ ఇజ్రాయెల్ ఇళ్లలో రోజూ వినిపించే మాటలే.

అన్నీ నిలబడ్డాయనుకునేరు! టమాటాకి ఇంకొకాయన చేసిన మాట 'అగ్వనియా'. దాని ధాతువుకు కామించడమనే అర్థముందని బెన్ యెహుదా ముఖం చిట్లించాడు. అరబ్బీని అనుసరించి 'బదురా' అనాలన్నాడు. ఆయన ఇంట్లో అగ్వనియా అన్న మాట పలకనిచ్చేవారు కాదట. జనం మాత్రం అగ్వనియానే కొన్నారు, అగ్వనియానే వండుకున్నారు. టమాటాకి అచ్చతెనుగులో 'రామములగ' అన్న చక్కని మాట ఉన్నా ఏ రైతుబజారులోనూ వినపడదు. అలాగే!

జెరూసలేంలోని ఛాందసులకు ఇదంతా మహాపరాధంగా తోచింది. దేవుడితో మాట్లాడే భాషలో పాలవాడితో బేరమా? ఆయన్ను వెలివేశారు. పత్రికలోని ఓ రాతను సాకుగా తీసుకుని కొందరు ఫిర్యాదు చేస్తే టర్కీ ప్రభుత్వం కొన్నాళ్లు జైల్లో కూడా పెట్టింది. 1891లో దెవోరా క్షయతో చనిపోయింది. పిల్లల్లో కొందరిని కంఠసర్పి మింగేసింది. ఆయన ఆమె చెల్లెల్ని పెళ్లి చేసుకున్నాడు, ఆమెకూ హీబ్రూ నేర్పాడు. తన నిఘంటువు పూర్తికావడం చూడలేకపోయాడు. 17 సంపుటాల ఆ గ్రంథం 1959 నాటికి గానీ పూర్తికాలేదు. కానీ 1922లో బ్రిటిష్ పాలకులు ఇంగ్లిషు, అరబ్బీలతోపాటు హీబ్రూనూ అధికార భాషగా గుర్తించడం చూశాడు. ఆ డిసెంబరులోనే కన్నుమూశాడు.

ఘనతంతా ఒక్కడికే ఇస్తే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టే. 1886లో రిషోన్ లెజియోన్ అనే ఊళ్లో పాఠాలన్నీ హీబ్రూలో చెప్పే బడి తెరిచారు. అక్కడి పంతుళ్లు, ఆ తర్వాతి వాటి పంతుళ్లు పుస్తకాల్లేకుండా, లెక్కలకూ సైన్సుకూ మాటల్లేకుండా రోజుకు కొన్ని సొంతంగా చేసుకుంటూ పాఠాలు చెప్పారు. అక్కడ చదివిన పిల్లలు ఇంటికెళ్లి అమ్మానాన్నల్ని సరిదిద్దడం మొదలుపెట్టారు. అమ్మ దగ్గర నేర్చుకోవాల్సిన భాషను అమ్మకే నేర్పిన పిల్లలన్నమాట!

మనం, మేము, నేనొక్కదాన్నే

ఇప్పుడీ రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. తూర్పు పడమరలంటే ఇవే!

హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. అక్షరాలు 22. అచ్చులు మామూలుగా రాయరు, చదివేవారే పోల్చుకోవాలి. ఎందుకంటే మాటకు ఆయువుపట్టు మూడు హల్లులు. ఉదాహరణకు క-త-వ తీసుకోండి. కతవ్ అంటే రాశాడు. కోతెవ్ రాస్తున్నాడు. మిఖ్తవ్ ఉత్తరం. క్తోవెత్ చిరునామా. కతవా పత్రికలో వ్యాసం. ఎముకలు అవే, మధ్యలో కండ మారుతుందంతే. ఇండొనేసియన్ అలా లోపల వేలు పెట్టదు. ముందూ వెనకా తోకలు తగిలిస్తుంది. తులిస్ అంటే రాయడం. మెనులిస్ రాస్తున్న పని, పెనులిస్ రచయిత, తులిసన్ రాత, దితులిస్ రాయబడింది.

హీబ్రూకి ఆడామగా తేడా లేందే పూట గడవదు. 'నేను రాస్తున్నాను' అని మగవాడు అనాలంటే 'అని కోతెవ్', ఆడమనిషైతే 'అని కోతెవెత్'. ఎదురుగా ఉన్నవారిని 'నువ్వు' అనాలన్నా మగవాడికి 'అతా', ఆడవారికి 'అత్'. తెలంగాణ జిల్లాల నుంచి ఇజ్రాయెల్ వెళ్లి వృద్ధుల సంరక్షణ పనులు చేస్తున్నవాళ్లకు మొదట్లో నాలుక తడబడేది ఇలాంటిచోటే. ఇండొనేసియన్‌లో అతనన్నా ఆమె అన్నా 'దియా' ఒక్కటే. కాలాలకు క్రియ మారదు. 'సయా మకన్' అంటే తిన్నాను, తింటాను, తింటున్నాను... ఏదైనా కావచ్చు. నిన్న అంటే 'కెమారిన్', రేపు అంటే 'బెసోక్' చేర్చుకుంటే సరి. బహువచనం కావాలా? రెండుసార్లు చెప్పండి! బుకు అంటే పుస్తకం, బుకు-బుకు అంటే పుస్తకాలు. చేత్తో రాసేటప్పుడు అంత ఓపిక లేనివాళ్లు 'బుకు' పక్కన 2 అంకె వేసి ఊరుకుంటారు. అయితే ఆ ఊపులో అన్నిటినీ రెట్టించకూడదు. మత అంటే కన్ను, మత-మత అంటే గూఢచారి! హతి అంటే హృదయం, హతి-హతి అంటే జాగ్రత్త.

ఆ భాషలో మనవాళ్లు ఇట్టే పట్టేసే సంగతి ఒకటుంది. ఎదుటివారిని కలుపుకుంటే 'కిత', వదిలేస్తే 'కమి'. అంటే మనం, మేము! ఇంగ్లిషులోనూ హీబ్రూలోనూ లేని ఈ తేడా తెలుగు పిల్లాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 'మనింటికి భోజనానికి రండి' అనడానికీ 'మా ఇంటికి రండి' అనడానికీ ఉన్న ఆప్యాయత తేడా జకార్తావాళ్లకూ తెలుసు.

పెళ్లయిందా అని అడిగితే అక్కడ 'లేదు' అనరు. 'బెలుమ్' అంటారు. ఇంకా లేదు అని అర్థం. అరవై ఏళ్ల బ్రహ్మచారైనా సరే, బెలుమ్ అనడమే మర్యాద!

కుర్చీ కలిపింది ముగ్గురినీ

భాషా కుటుంబాలు వేరు, లిపులు వేరు, సముద్రాలు వేరు. అయినా రెండింట్లోనూ ఒకే ఇంటి వస్తువులు కొన్ని కనబడతాయి. హీబ్రూకి అరబ్బీ తోబుట్టువు. ఇండొనేసియన్‌కు ఇస్లాం వెంట అరబ్బీ మాటలు వచ్చాయి. దాంతో యూదులు 'షాలోమ్' అని పలకరించుకుంటే, ఇండొనేసియావాళ్లు 'సెలమత్' అంటారు. రెండూ ఒకే ధాతువువి. దేవదూత హీబ్రూలో మల్అఖ్, ఇండొనేసియన్‌లో మలైకత్. ప్రవక్త నవి, నబి. కూర్చునేది హీబ్రూలో కిసె, ఇండొనేసియన్‌లో కుర్సి. మన ఇంట్లో? కుర్చీ!

వారాలైతే మరీ తమాషా. మనకు సోముడు, మంగళుడు, బుధుడు. వాళ్లిద్దరికీ అంకెలు. సోమవారం హీబ్రూలో 'యోమ్ షెని', అంటే రెండో రోజు. ఇండొనేసియన్‌లో సెనిన్, అరబ్బీ రెండు నుంచి వచ్చింది. గురువారం ఇక్కడ హమిషి, అక్కడ కమిస్. శనివారం షబ్బాత్, సబ్తు. ఆదివారానికి మాత్రం ఇండొనేసియన్ పోర్చుగీసువాళ్ల దగ్గర చేయి చాచి 'మింగు' తెచ్చుకుంది.

చేయి చాచడంలో ఆ భాషకు మొహమాటం లేదు. బెన్ యెహుదా ధాతువులు తవ్వి 'మగెవెత్' చేశాడని చెప్పుకున్నాం కదా, అదే తువ్వాలును ఇండొనేసియన్ డచ్చివాళ్ల నుంచి ఎత్తుకొచ్చి 'హందుక్' అంది. ఫ్రిజ్ 'కుల్కస్', ఆఫీసు 'కంతోర్'... అన్నీ డచ్చివే. బల్ల 'మెజ', బీరువా 'లెమారి' పోర్చుగీసువి. మేజాబల్ల, అల్మారా అనే మనకూ ఆ ఓడలోంచి దిగినవే. బాగున్నారా అని అడగాలంటే 'అప కబర్' అంటారు. ఏం కబుర్లు అన్నట్టే! మన కబురూ వాళ్ల కబరూ ఆ అరబ్బీ మాటే మరి.

ఇక సంస్కృతం సంగతి చెప్పనే అక్కర్లేదు. భాషను 'బహస' అంటారు. గురు, పుత్ర, పుత్రి, భూమి, మంత్రి, పుస్తకం అన్నీ చిన్న చిన్న మార్పులతో ఉన్నాయి. భార్య 'ఇస్త్రి', భర్త 'సువామి'. ముస్లింలు రంజాన్ నెలలో ఉండే ఉపవాసం 'పువస'. విశ్వవిద్యాలయ విద్యార్థి 'మహాసిస్వ'. కొన్ని మాత్రం దారిలో అర్థం మార్చుకున్నాయి. వాళ్ల 'చింత' అంటే ప్రేమ! 'సెంగ్సార' అంటే కష్టాలు, యాతన. అది మన సంసారమే. ఏ గృహస్థు కాదంటాడు?

హీబ్రూలోకీ మన వైపు మాట ఒకటి వెళ్లిందంటారు. సాల్మన్ రాజుకు ఓడల్లో వచ్చిన వస్తువుల జాబితాలో బైబిల్ 'తుక్కి' అనే పక్షుల్ని చెబుతుంది. అవి నెమళ్లనీ, ఆ మాట తమిళ 'తోగై' నుంచి వచ్చిందనీ చాలామంది పండితుల అభిప్రాయం. తోగై అంటే నెమలి పురి. మన 'తోక'కు అక్కచెల్లెలు. విచిత్రమేంటంటే ఈనాటి హీబ్రూలో తుక్కి అంటే చిలక. నెమలికి వేరే మాట వచ్చింది. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనే ఎఫ్రాయిమ్ అనే యూదు తెగగా చెప్పుకునే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ప్రార్థనలకు హీబ్రూ నేర్చుకుంటారు. మూడువేల ఏళ్ల తర్వాత తోక, తుక్కి మళ్లీ ఒకే అరుగు మీద కూర్చున్నట్టే.

లిపి దగ్గర మాత్రం రెండు భాషల దారులూ వేరయ్యాయి. పూర్వం అరబ్బీ అక్షరాల్లో రాసిన మలయ్‌ను డచ్చి పాలనలో రోమన్ లిపిలో రాయడం అలవాటైంది. స్వాతంత్య్రం వచ్చాక దాన్నే ఉంచుకుని, 1972లో డచ్చి వాసన పోయేలా స్పెల్లింగులు దిద్దుకున్నారు. హీబ్రూనూ రోమన్ లిపిలోకి మార్చేద్దామని ఒకాయన పట్టుబట్టాడు. 1928లో అలా ఓ వారపత్రిక కూడా తెచ్చాడు. ఎవరనుకున్నారు? జోలపాట గొడవలో నోరు విప్పిన పిల్లాడే... ఇతమార్! పత్రిక నడవలేదు. తండ్రి మాట విని భాషను మార్చుకున్న జనం కొడుకు మాట విని లిపిని వదులుకోవడానికి ఒప్పుకోలేదు.

అమ్మమ్మ భాష ఏమైంది?

ఇంతవరకూ చెప్పింది గెలుపు కథ. దీనికి మూల్యం చెల్లించినవాళ్లున్నారు.

1923లో టెల్ అవీవ్‌లో 'భాషా రక్షక దళం' ఒకటి పుట్టింది. వీధుల్లో యిద్దిష్ మాట్లాడేవాళ్లను ఆపి 'హీబ్రూవాడా, హీబ్రూ మాట్లాడు' అని గద్దించేది. యిద్దిష్ సభలను, సినిమాలను అడ్డుకునేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు యిద్దిష్ మాట్లాడేవాళ్లు కోటిమందికి పైనే. నాజీలు పొట్టనబెట్టుకున్న 60 లక్షల యూదుల్లో ఎక్కువమంది భాష అదే. చావు తప్పించుకుని ఇజ్రాయెల్ చేరినవాళ్లకు అక్కడా ఆ భాషకు ఆదరణ దొరకలేదు. కొత్త రాజ్యం తొలి ఏళ్లలో యిద్దిష్ పత్రికలకూ నాటకాలకూ ఆంక్షలుండేవి. దాన్ని బానిసత్వపు రోజుల భాషగా చూశారు. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టిన యూదులు నాలుగు శతాబ్దాలు కాపాడుకున్న లదీనో, బాగ్దాద్ నుంచి వచ్చిన కుటుంబాల అరబ్బీ... వీటికీ అదే గతి. 1978లో యిద్దిష్ రచయిత ఐజక్ బషెవిస్ సింగర్‌కు నోబెల్ వచ్చింది. అప్పటికి ఆయన పాఠకుల మనవలకు ఆ పుస్తకాలు అనువాదంలో తప్ప అందవు. 1996లో ఇజ్రాయెల్ పార్లమెంటు చట్టం చేసి యిద్దిష్‌కూ లదీనోకూ చెరో సంస్థ పెట్టింది. ఇక ఆ నేల మీద ముందునుంచీ వినిపిస్తున్న అరబ్బీకి ఉన్న అధికార భాష హోదాను 2018 చట్టం తగ్గించి 'ప్రత్యేక హోదా'తో సరిపెట్టింది.

విచిత్రంగా యిద్దిష్ పూర్తిగా పోలేదు. హీబ్రూ కడుపులో దాక్కుంది. ఇజ్రాయెల్‌లో ఇద్దరు స్నేహితులు కలిస్తే 'మా నిష్మా' అనుకుంటారు. ఏం వినిపిస్తోంది అని అర్థం. అది యిద్దిష్ పలకరింపే, హీబ్రూ బట్టలు కట్టుకుంది.

ఇండొనేసియాలో ఇంత దూకుడు అందరి మీదా చూపించలేదుగానీ, చీనా సంతతివారి విషయంలో చూపించారు. 1960ల్లో వాళ్ల బళ్లు మూతపడ్డాయి. సుహార్తో పాలనంతా బహిరంగంగా చీనా అక్షరం కనిపిస్తే నేరమన్నంత పనైంది. మిగిలినచోట్ల జరిగింది నెమ్మదైన మార్పు. ఆ దేశంలో 700కు పైగా భాషలున్నాయి. 2010 జనగణన నాటికి ఇంట్లో ఇండొనేసియన్ మాట్లాడేవాళ్లు అయిదో వంతు. 1928లో నూటికి అయిదుగురు కూడా లేని చోట!

పట్నం చేరిన జంటలో భర్తది జావా, భార్యది బటక్ అయితే పిల్లలతో ఏ భాషలో మాట్లాడతారు? మధ్యేమార్గంగా ఇండొనేసియన్‌లో. జావా దీవిలోనే, ఇద్దరిదీ జావా భాషే అయినా, పిల్లలు పెద్దలతో ఇండొనేసియన్‌కు మారిపోవడం కద్దు. కారణం మొదట చెప్పుకున్నదే... మర్యాద మాటలు. తాతయ్య ముందు 'దహర్' అనాల్సిన చోట నోరుజారి 'మంగన్' అంటే అపచారం. ఇండొనేసియన్‌లో 'మకన్' అంటే ఏ గొడవా లేదు. అలా తాతను గౌరవించాలన్న భయంతోనే తాత భాషకు దూరమవుతున్నారు. జావా గడ్డ మీద పుట్టిన మహారచయిత ప్రముద్య అనంత తూర్ బురు దీవిలో ఖైదీగా ఉన్నప్పుడు అల్లిన నవలలు కూడా జావాలో రాయలేదు, ఇండొనేసియన్‌లోనే రాశాడు.

2023 నవంబరులో యునెస్కో తన సర్వసభ్య సమావేశపు అధికార భాషల్లో ఇండొనేసియన్‌ను చేర్చుకుంది. ఇంటి సంగతికొస్తే, బాలి ప్రభుత్వం 2018లో ఓ ఉత్తర్వు తెచ్చింది. ఆ దీవిలోని కార్యాలయాల్లో, బళ్లలో కొన్ని రోజులు బాలి భాషలోనే మాట్లాడాలని. ఆ రోజులేవంటే... ప్రతి 'కమిస్', అంటే గురువారం, ప్రతి 'తిలెమ్', అంటే అమావాస్య, ప్రతి 'పూర్ణమ'. ఆ చివరిదానికి అర్థం మనకు వేరే చెప్పాలా!